సాంచెలాగిన వేళ నా భళా

పలుకు తల్లి! నీవు పలుకుల నిమ్మమ్మ
మనుమరాలి నోట మల్లె లట్లు;
మౌన మనెడు వరము మాకొక్క టీవమ్మ
ముసలి తాత నోరు మూసి యుంచు!

మిత్రులారా, ఈ ఆటవెలదిని నా మనుమరాలి ఇంటర్వ్యూ నాటి ఉదయం స్నానమాచరించి నేనే అల్లి, దేవుని గూటి ముందు నిలబడి వినిపించాను. తల్లి మొదటి రెండు పాదాలు మాత్రమే విన్నదని మధ్యాహ్నానికల్లా తేలిపోయింది! ఇది నా మనుమరాలు భారతి కథ. ఇందులో కీర్తి ఆమె పాలు, వక్కపలుకు నా పాలు. చాయ్ చల్లారకముందే చెబుతాను, అవధరించండి.

భారతి హైదరాబాదులో న్యాయశాస్త్రం చదువుతున్నది. దేశదేశాల నడుమ సరుకుల రాకపోకలలో తగవు పుడితే దానిని తీర్చే శాస్త్రమొకటి ఉన్నదట. అంతర్జాతీయ వాణిజ్య న్యాయమని దాని పేరు. అందులో మక్కువ గల విద్యార్థులను ఎండకాలం సెలవులలో ఢిల్లీలోని ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయం ఇంటర్న్‌షిప్‌కు పిలుస్తుంది. దేశమంతటి నుంచి పోటీ. మా పిల్ల తొలి వడపోత దాటింది. మిగిలింది ఇంటర్వ్యూ ఒక్కటే. అదీ ల్యాప్‌టాప్ తెర మీద, సిరిసిల్లలోని మా ఇంటి ముందుగదిలో నుంచే!

"సముద్రం మీద సరుకు కాడ తగవొస్తే ఎనుకట ఫిరంగులు పేలేటియి గద బిడ్డా?" అని అడిగాను.

"గిప్పుడు వాదాలే పేలుతయి తాతా. ఎంత పెద్ద దేశమన్నా వచ్చి, కూసుండి, ఎదుటోని మాట ఇనవలసిందే."

నా మేను పులకరించింది. సామ్రాజ్యాలు కత్తులు దించి వాక్కుకు తల ఒగ్గే సభ! వ్యాకరణమూ అలంకారమూ నేర్చి, లోకంలో ఇక తెలియవలసినది లేదనుకొన్నవాణ్ణి. ఇరవై యేండ్లైనా నిండీ నిండని పిల్ల ఆ సభ గడప దగ్గర నిలబడి ఉన్నది!

అయితే ఒక చిక్కు. మాది సాంచెల వాడ. గోడకొక సాంచె, అంటే మరమగ్గం. పొద్దుపొడుపు మొదలు దడదడ ధ్వని ఆగదు. నా చెవులకది తాళమే గాని ఆ ఢిల్లీవారి చెవులకు ఉరుము. పిల్ల పరేషాన్ కావడం చూడలేక పొరుగింటి నర్సయ్య దగ్గరకు వెళ్ళాను. వాడలో ఆయన మాటంటే మాటే.

"పిల్ల పరీక్షంటే మన వాడ పరీక్ష గాదా సారూ! గంతసేపు సాంచెలన్నీ బంద్ పెడ్తం, ఫికర్ జెయ్యకుండ్రి" అన్నాడు నర్సయ్య.

"కూలి పోతది గద నర్సయ్యా?"

"పోతే పోనియ్యుండ్రి. గా పెద్దోళ్ల ముంగట మన బట్ట గురించి ఒక్క మాటన్నా అంటది గదా పిల్ల!"

నాకు నోట మాట రాలేదు. ఆ మాట రాకపోవడమేదో మరునాడు జరిగి ఉంటే ఎంత బాగుండును!

మరునాడు ఇంటర్వ్యూకు ముందు భారతి నన్ను కూర్చోబెట్టి నియమం చెప్పింది. "తాతా, రూముల నేనొక్కదాన్నే ఉండాలె. ఇంకెవ్వలన్నా కనవడ్డా, ఇనవడ్డా, జవాబులు అందిస్తున్నరనుకుంటరు. గంతే, తీసేస్తరు. నువ్వు జర ఎనుక అర్రల కూసో."

"అంతేనా బిడ్డా? నేను మౌనవ్రతుణ్ణి" అన్నాను.

మా ఇంటావిడ రాజవ్వ వంటింట్లోనుంచే నవ్వింది. "గీ మనిషి సప్పుడు జెయ్యకుండ ఉంటడా? పెండ్లిల మంత్రం తప్పు చదివిండని అయ్యగారినే ఆపిండు! ఇగో, నోట్లె వక్క ఏస్కో. గది నానేదాంక పెదవి ఇప్పకు."

వక్క దవడన పెట్టుకొని వెనుక అర్రలో కూర్చున్నాను. ఒకటొకటిగా సాంచెలు ఆగాయి. మిత్రులారా, ఆ నిశ్శబ్దాన్ని ఏమని వర్ణింతును! పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి ఆ వాడలో పట్టపగలు పిచ్చుక కూత విన్నవాణ్ణి కాను. ఆ పూట విన్నాను. ఆ నిశ్శబ్దంలో మా పిల్ల కంఠం లేచింది. నా పాదాలు నన్ను అడగనైనా అడగక, ముందుగది తలుపు తెర వెనుకకు చేర్చాయి.

తెర సందులోనుంచి పక్కవాటుగా చూశాను. ల్యాప్‌టాప్‌లో ముగ్గురు అధికారులు. నడుమ నెరసిన జుట్టుతో ఒక అమ్మ. ఎడమ పక్కన కళ్ళద్దాల ఆయన, నవ్వును సుంకం కట్టి తెచ్చుకొన్నట్టు గంభీరుడు. అమ్మ అడిగింది: "ఒక దేశం తన బట్టను సొంత బజారు ధర కన్న తక్కువకు మన బజారులో కుమ్మరించింది. ఏం చేయాలి?"

నా ఇంగ్లీషు అంతంతమాత్రమే. అయినా వాదం నడక నాకు తెలియనిదా? భారతి ముందుగా ఎదుటివారి పక్షమెత్తుకొన్నది! పరదేశపు వర్తకుని తరఫున ఎంత సొగసుగా పలికిందంటే, పిల్ల అటే పోతుందేమోనని నాకు గుబులు పుట్టింది. ఆపై మెల్లగా ఒక్కొక్క ముడీ విప్పింది. కోపం రుజువు కాదన్నది. నష్టం జరిగిందని చూపాలి, అది ఆ సరుకు వల్లనే జరిగిందని చూపాలి, ఎదుటివాడు చెప్పుకొనేది వినాలి, ఆ తరువాతనే సుంకమన్నది. పూర్వపక్షం, సిద్ధాంతం! మా గురువుగారి పాదాల చెంత నేను నేర్చిన క్రమమే! ఈ పిల్లకెవరు చెప్పారు?

"నష్టమంటే? చట్టంలోని మాటలు వద్దు. నీ మాటల్లో చెప్పు" అన్నది అమ్మ.

భారతి కిటికీ వైపు చెవి ఒగ్గింది. వాడ నిశ్శబ్దాన్ని విన్నది.

"మేడమ్, ఇప్పుడు మా వాడలో మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. నేను మాట్లాడుతున్నానని ప్రేమతో ఆపారు. కాసేపటికి మళ్ళీ నడుస్తాయి. మళ్ళీ నడవని నిశ్శబ్దం ఇంకొకటి ఉంటుంది. దానినే నేను నష్టమంటాను."

"భళా! భళా!! మళ్ళీ అను తల్లీ!"

అరిచింది ఎవరో మీకు చెప్పనక్కరలేదు. పద్యసభలలో పెరిగినవాణ్ణి. మంచి పాదం పడ్డప్పుడు మౌనంగా కూర్చోవడం కవికి చేసే అవమానమని అలవాటైన ప్రాణం. నోట్లోని వక్క ఎగిరిపోయి ల్యాప్‌టాప్ అంచుకు టక్కున తగిలింది!

భారతి ముఖం పాలిపోయింది. కళ్ళద్దాల ఆయన ముందుకు వంగి, "గదిలో ఎవరున్నారు? ఎవరు ప్రాంప్ట్ చేస్తున్నారు? కెమెరా తిప్పండి!" అన్నాడు.

కెమెరా తిరిగింది. తెర తొలగింది. పంచె, పై కండువా, తెరచిన నోరు... సకల లక్షణాలతో నేను! వాడ వాడంతా కూలి మానుకొని కూర్చిన నిశ్శబ్దాన్ని ఒక్క కేకతో తగలబెట్టిన మహానుభావుణ్ణి.

"మా తాత సార్. తెలుగు పండితులు. మెచ్చుకున్నారంతే. ఆయనకు ట్రేడ్ లా రాదు" అన్నది భారతి.

"రాదని ఎలా నమ్మడం?"

అప్పుడా అమ్మ నా వంక చూసి హిందీలో అడిగింది: "పండిత్‌జీ, మీరే చెప్పండి. అదే బట్ట మీ ఊరి బజారుకు వచ్చింది. మీరైతే ఏం చేస్తారు?"

ఆహా, ప్రశ్న! సభలో ప్రశ్న ఎదురైతే వెనుదిరిగిన వంశమా నాది? పిల్ల పరువు నిలబెట్టే తరుణమిదేనని కండువా సవరించుకొన్నాను. మా సిరిసిల్ల హిందీలోనే గర్జించాను. "ఓడను రేవులోనే ఆపిస్తాను. బట్టంతా చౌరస్తాలో కుప్పపోసి తగలబెట్టిస్తాను. ఇక ఆ దేశం నుంచి గుండుసూదైనా రానియ్యను!"

"వాళ్ళ వాదం వింటారా?"

"తప్పు చేసినవానికి వాదమేమిటమ్మా?"

"తప్పు చేశారనడానికి రుజువు?"

"నేను చెబుతున్నాను గదా! అంతకన్న రుజువేమి కావాలి?"

క్షణకాలం ఢిల్లీలోనూ సాంచెలు ఆగినట్టయింది. ఆ వెంటనే ముగ్గురూ నవ్వారు. కళ్ళద్దాల ఆయన అద్దాలు తీసి కళ్ళు తుడుచుకొన్నాడు.

"ఈయన ప్రాంప్ట్ చేసి ఉంటే ఈ అమ్మాయి మొదటి ప్రశ్నకే ఫెయిలయ్యేది. ఇంటర్వ్యూ సాగిద్దాం. పండిత్‌జీ, మీరు దయచేసి లోపలికి!" అన్నది అమ్మ.

జన్మమంతా శాలువాలు కప్పించుకొన్నది తెలిసినందుకు. మనుమరాలిని గట్టెక్కించింది మాత్రం తెలియకపోవడమే!

వెనుక అర్రలో రాజవ్వ నడుము మీద చెయ్యి వేసుకొని నిలబడి ఉన్నది. "అరిసినవా? సల్లవడ్డదా కడుపు? ఇగో, గీసారి రెండు వక్కలు ఏస్కో."

సాయంత్రం నర్సయ్య అరుగు మీద కూర్చొని వాడందరూ వినేట్టు అన్నాడు: "సాంచెలన్నీ బంద్ పెట్టినం గని, సారు గొంతు బంద్ పెట్టుడు మర్సిపోయినం!"

ఆపై ఫలితం కోసం ఎదురుచూసిన రోజులలో నేను తిన్న అన్నం అన్నం కాదు. పిల్ల ఒక్క మాటైనా అనలేదు. అదే ఎక్కువ బాధ. చివరికి ఒకనాటి మధ్యాహ్నం, సాంచెలు జోరుగా ఆడుతున్న వేళ, భారతి ఫోను పట్టుకొని ఉరికి వచ్చింది.

"తాతా! సెలెక్ట్ అయిన! ఢిల్లీకి రమ్మన్నరు! గిప్పుడు అరువు తాతా, ఎంత అరుస్తవో అరువు!"

నోరు తెరిచాను. భళా అనబోయాను. పెదవి కదిలింది గాని అక్షరం రాలేదు. కళ్ళు మాత్రం ఏకధారగా... రాజవ్వ నా వంక వింతగా చూసి, "వక్క ఏసుకోలే గద?" అన్నది.

లేదు. ఆ పలుకుతల్లి నా పద్యంలోని చివరి రెండు పాదాలు కూడా వినే ఉన్నది. మంజూరు మాత్రం, సర్కారీ ఫైలు వలె, కొంచెం ఆలస్యమైంది.

ఈ కథ విన్నవారి పిల్లలకు నిండు సభలో మాట తడబడకుండుగాక! వారి తాతల దవడన వక్క జారకుండుగాక! మన వాడల సాంచెలు ప్రేమకు తప్ప మరి దేనికీ ఆగకుండుగాక!