ఎడమవైపు అద్దం

ఇబ్రహీంపట్నం నుంచి షేర్ కారులో వస్తున్నాను. నేను డ్రైవర్ పక్క సీట్లో కూర్చున్నాను. ఇరుకు సందుల్లో గీసుకుపోతుందని అతను ఎడమవైపు అద్దం మడిచేసి ఉంచాడు. అందరూ చేసేదే కదా అనుకున్నాను.

కోహెడ మలుపులో వెనక సీట్లోంచి ఒకావిడ చేతికర్ర పట్టుకుని దిగింది. వెళ్లిపోకుండా, వెనక తలుపుకి కాస్త ఎడంగా నిలబడింది.

"అన్నా, నేను కనబడుతున్ననా?"

"లేదక్కా."

"గా అద్దం తెరువు మరి."

అద్దం నా వైపే ఉంది కాబట్టి కిటికీలోంచి చెయ్యి చాపి నేనే తెరిచాను.

డ్రైవర్ అందులోకి చూసి, "మన బండి తలుపులే కనబడుతున్నయ్" అన్నాడు.

"నీ బండి నీకెందుకే? జర బయటికి తిప్పుమను. తలుపు అంచు కనబడీ కనబడనట్టు ఉండాలె."

నేను మెల్లగా తిప్పుతూ పోయాను.

"ఇగో, ఇప్పుడు కనబడ్డవక్కా" అన్నాడతను.

"కారు గుద్దిన నాడు మా బైకు గీడనే ఉండె" అని చెప్పి, ఆవిడ కర్ర ఊనుకుంటూ కోహెడ దారి పట్టింది.

ఇప్పుడు మా కారు సర్వీసింగ్ నుంచి వచ్చినప్పుడల్లా మా ఆవిడను వెనక తలుపుకి ఎడంగా, అదే చోట నిలబెడతాను. ఆవిడ నవ్వుతుంది. అద్దంలో ఆ నవ్వు కనబడేదాకా నేను బండి తియ్యను.