నేను ఆపేసిన రౌటర్

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో జగ్గయ్యపేట అవతల ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేదాన్ని. నందిగామ నుంచి రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. కంప్యూటర్ సెక్షన్‌లో ఉన్నది ఇద్దరమే: మా ఇంజనీరు గారు, నేను.

ఒకరోజు మా రౌటర్ తయారుచేసిన కంపెనీ నుంచి ఈ-మెయిల్ వచ్చింది. ఫ్యాక్టరీలో ఒక కంప్యూటర్ చెప్పింది ఇంకో కంప్యూటర్‌కి చేరాలంటే ఆ పెట్టెలోంచే వెళ్ళాలి. అందులో లోపం ఉందట. ఒక రకం సందేశాలు వరసగా పంపితే అది నిండిపోయి, ఇంక దేన్నీ తీసుకోదట. ఏదీ చెరిగిపోదు, ఏదీ పోదు. పని మాత్రం ఆగిపోతుంది. ఆపి మళ్ళీ వేస్తేగానీ లేవదు. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే ఆ బెడద ఉండదు, కానీ దానికి పది నిమిషాలు నెట్‌వర్క్ ఆపాలి.

"కొలిమి నడుస్తుంటే పది నిమిషాలు ఎవరిస్తారమ్మా? కొలిమి ఆపే షట్‌డౌన్ వచ్చినప్పుడు చూద్దాంలే," అన్నారు ఇంజనీరు గారు.

నాకు కుతూహలం ఆగలేదు. నిజంగా అంత తేలిగ్గా పడిపోతుందా? మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్ళగానే ఆ రకం సందేశాలు పంపే చిన్న ప్రోగ్రాం నడిపాను. కొన్ని పంపి ఆపేద్దామనుకున్నాను. నేను ఆపేలోపే రౌటర్ జవాబివ్వడం మానేసింది.

అది కంట్రోల్ రూమ్ పక్కగదిలో ఉండేది. తాళంచెవి తీసుకుని పరిగెత్తాను.

కంట్రోల్ రూమ్‌లో పెనుగంచిప్రోలు నుంచి వచ్చే ఆపరేటరు, మేమంతా బాబాయ్ అని పిలిచే మనిషి, తెర వంక చూస్తూ నిలబడి ఉన్నాడు.

"ఏమ్మా, ఈ అంకెలు కదలట్లేదేంటి? ఇందాకట్నుంచీ ఒక్క పాయింటు కూడా మారలా."

అప్పుడు అర్థమైంది నాకు. తెర నల్లబడలేదు. ఆఖరిసారి వచ్చిన అంకెలే, అంతా బాగున్నట్టు, అలాగే నిలిచిపోయాయి.

బాబాయ్ వాకీటాకీ అందుకున్నాడు. "పైన ఎవరున్నార్రా? దిగండి! రాడ్లు అక్కడే పడేసి దిగండి!"

కొలిమిలోకి పొడి దిగే ఎత్తైన టవర్ మీద ఇద్దరు కూలీలు, గొట్టంలో గడ్డకట్టిన వేడి పొడిని ఇనపరాడ్లతో పొడిచి వదిలిస్తున్నారు. లోపలి ఒత్తిడి తిరగబడితే ఆ పొడి నిప్పులా వాళ్ళ మీదికి ఎగజిమ్ముతుంది. ఒత్తిడి ఎంతుందో తెలిసేది ఈ తెర మీదే.

పైనుంచి జవాబు లేదు. గరగర శబ్దం ఒక్కటే.

పక్కగదిలోకి వెళ్ళి స్విచ్ ఆపి మళ్ళీ వేశాను. రౌటర్ లేవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. దాని దీపాలు వెలుగుతాయేమోనని చూస్తూ నిలబడ్డాను. గోడ అవతల్నుంచి బాబాయ్ గొంతు వినిపిస్తూనే ఉంది: "దిగారా? దిగారో లేదో చెప్పండ్రా!"

ఎప్పటికో జవాబొచ్చింది. "దిగాం బాబాయ్."

కాసేపటికి అంకెలు కదిలాయి. ఒత్తిడి మామూలుగానే ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు.

"హ్యాంగ్ అయిందా?" అనడిగారు ఇంజనీరు గారు వచ్చాక.

"అయిందండి," అన్నాను. అంతే చెప్పాను.

మూడు రోజులు కంట్రోల్ రూమ్ వైపు వెళ్ళలేదు. నాలుగో రోజు బాబాయ్‌కి చెప్పేశాను. బాబాయ్ టవర్ వైపు చెయ్యి చూపించాడు.

"నాకు చెప్పావు సరే. వాళ్ళకి చెప్పు."

చెప్పాను. ఆ ఇద్దరు కూలీల్లో వత్సవాయి నుంచి వచ్చే అతను నవ్వేసి ఊరుకున్నాడు. రెండో అతను నవ్వలేదు.

"మళ్ళీ ఆగదుగా అమ్మా?"

ఆగదని చెప్పలేకపోయాను. లోపం ఇంకా అలాగే ఉంది. నేను చేసిన పని ఎవరైనా చెయ్యొచ్చు. అతను తలకి గుడ్డ చుట్టుకుని టవర్ మెట్లెక్కడం చూసి, అట్నుంచి అటే ఇంజనీరు గారి దగ్గరికెళ్ళి అంతా చెప్పేశాను. ఆయన అరవలేదు. ఆ సాయంత్రమే మేనేజరు దగ్గర కూర్చుని పది నిమిషాలు సంపాదించారు. నాకు మెమో ఇచ్చారు, తీసుకున్నాను.

టవర్ మీద ఎవరూ లేరని బాబాయ్ రెండుసార్లు చూసుకున్నాక, రౌటర్ గదిలో కూర్చుని సాఫ్ట్‌వేర్ ఎక్కించాను.

"ఇప్పుడు అవే పంపి చూడమ్మా," అన్నారు ఇంజనీరు గారు.

చెయ్యి రాలేదు. ఆయనే పంపారు. అంకెలు కదుల్తున్నాయని పక్కగదిలోంచి బాబాయ్ కేకేసేదాకా నేను కళ్ళు తెరవలేదు.