ల్యాప్‌టాప్‌లోంచి వచ్చిన ఉండ

ద్వారక వెళ్లే మెట్రోలో నా ల్యాప్‌టాప్ ఫ్యాను ఆగకుండా రొద పెడుతోంది. వేడెక్కి అప్పటికే రెండుసార్లు ల్యాప్‌టాపే ఆగిపోయింది, ఆఫీసు పని సగంలోనే ఉంది.

"దీని దుంపతెగ!" అన్నాను.

పక్కసీటు పెద్దావిడ నవ్వింది. "తెలుగమ్మాయివా? ఆఫ్ చేసి ఇటివ్వు."

జడలోంచి పిన్ను తీసి, గాలి వచ్చే సందులోంచి మెల్లగా లాగింది. వెంట్రుకలు, దుమ్ము, బిస్కెట్ పొడి కలిసిన జిడ్డు ఉండ బయటికొచ్చింది. దానికి ఎండిన బొద్దింక కాలొకటి అంటుకుని ఉంది. చున్నీతో నోరు మూసుకుని మొహం తిప్పేసుకున్నాను.

"నీ జుట్టేగా తల్లీ," అందావిడ.

మెట్రో పెట్టెలో చెత్తబుట్ట లేదు. ఆ ఉండను తన చేతిరుమాల్లో మూటకట్టి, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని తర్వాతి స్టేషన్లో దిగిపోయింది.

మళ్లీ ఆన్ చేస్తే ఫ్యాను చప్పుడు లేదు. ఆవిడకి థాంక్స్ చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. చున్నీ ఇంకా నా నోటికే ఉంది.