బావి2 నుంచి మొదలైన లిస్టు

నల్లటి తెర మీద మొదటి పేరు బావి2. దాని కింద బావి3, బావి4, అట్ల బావి19 దాకా. మాకు కావల్సింది బావి1. అదొక్కటే లేదు.

"ఏం చేసిన్రు దాన్ని?" అని మా ఆయన్ని అడిగిన.

"నేనేం చేస్త? లేదంటున్నది, లేదంతే."

"లేకపోవుడు కాదు, మీరు లేకుండ చేసిన్రు."

మూడు రోజుల సంది ఇంట్ల ఇదే లొల్లి.

డిగ్రీ అయినంక నేను చేవెళ్ల బస్టాండు ఎదురుంగ డీటీపీ దుకాణం నడిపిన. లగ్గం పత్రికలు, సర్పంచ్ ఎలక్షన్ల కరపత్రాలు, అన్నీ ఒక్క కంప్యూటర్ మీదనే. మా బాపు బావులు తవ్వే మేస్త్రి. బోర్లు వచ్చినంక ఆయన తవ్విన బావులను ఒక్కొక్కటే పూడుస్తుంటే, ప్రతి ఆదివారం మొయినాబాద్‌ల బస్సెక్కి వచ్చి నా పక్కన స్టూలేసుకొని కూసునేటోడు. ఏ బావి ఎవరిది, ఎక్కడున్నది, ఎంత లోతు, ఎన్ని గజాల కింద రాయి తగిలింది, అన్నీ చెప్పేటోడు. నేను ఇంగ్లీషు అక్షరాలల్ల తెలుగు కొట్టేదాన్ని, బావికొక ఫైలు. "ఇదంత ఎందుకు బాపు?" అంటే, "మట్టి పోస్తే బావి పోదు బిడ్డా, కిందనే ఉంటది" అనేటోడు.

కిందనే ఉన్నది. అదే ఇప్పుడు మా తమ్ముడి ప్రాణం మీదికి వచ్చింది. మొయినాబాద్ కాడి మా పొలంల ఇల్లు కట్టుకుంటున్నడు. ముగ్గు పోసిండ్రు, పునాదికి జేసీబీ చెప్పిండ్రు. అప్పుడు యాదికొచ్చింది వానికి, ఆ పొలంల మన బావొకటి ఉండె గదా అని. అన్నిటికన్న ముందు పూడ్చింది దాన్నే, అప్పటికి వాడు పాలు తాగే పిలగాడు. నాకు చింతచెట్టు పక్కన అని తెలుసు గని, ఆ చెట్టే లేదు. చుట్టుపక్కలోళ్లు భూములమ్ముకొని పోయిండ్రు, ఫామ్‌హౌసుల గోడలు లేచినయి. అడుగుదామంటే బాపు లేడు. పూడ్చిన బావి మీద పిల్లర్ పడితే నాలుగు వానలకు కుంగుతది, ఇల్లు చీలుతది.

బాపు మొదలు చెప్పింది ఆ పొలంల బావి గురించే. అది మాత్రం నాకు పక్కా యాది.

ఆ కంప్యూటర్ ఎప్పుడో చచ్చిపోయింది. దాన్ల ఉన్నదంత మా ఆయన ఒక మెమరీ కార్డు మీదికి తెచ్చి, ఆ కార్డు మొత్తాన్ని మళ్ల ఒకే ఫైలు చేసి దాచిండు. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తడు, పాత మిషిన్లంటే పిచ్చి. ఆ ఒక్క ఫైలును ఇమేజ్ అంటరట. దాన్ని విప్పి చూడనీకె ఒక టూలున్నది. బటన్లు లెవ్వు, బొమ్మలు లెవ్వు. నల్ల తెర మీద హుకుం రాయాలె, అది జవాబియ్యాలె. ఒక చుక్క తక్కువైతే తప్పంటది, ఎక్కువైతే తప్పంటది. ఏం తప్పో మాత్రం చెప్పదు. మా అత్తమ్మ నయం, ఆమె కనీసం తిట్టి చెప్పేది. ఎవరో పుణ్యాత్ముడు ఆ టూలును పైసలు తీసుకోకుండ ఫుకట్‌గ రాసి పెట్టిండట, తిట్టొద్దంటడు మా ఆయన. నేను తిట్టిన.

మొత్తం లిస్టు అడిగితే లగ్గం పత్రికలే వందలు వందలు ఉరుకుతున్నయి. అందుకని బావి అన్న పేరుతోని మొదలయ్యేటివే చూపియ్యమని రాసిండు. వచ్చినయి పద్దెనిమిది. బావి1 లేదు.

"కార్డుకెక్కిచ్చేటప్పుడు మింగేసిన్రు."

"అట్ల ఒక్కటే పోదు. నువ్వే ఎప్పుడో చెరిపేసినవేమో."

"మా బాపు చెప్పింది నేను చెరిపేస్తనా?"

మూడో రోజు పొద్దుగాల తమ్ముడు ఫోన్ చేసిండు. "అక్కా, జేసీబీ వచ్చి నిలవడ్డది. దొరికిందా? లేకుంటే దేవుని మీద భారమేసి తవ్విస్త."

"దేవుడు తవ్విండా బావి? ఒక్క గంట ఆగు" అన్న.

ఆ కోపంల వంటింట్లకు పోయి కొత్త బియ్యం బస్తా విప్పిన. డబ్బాలకు మానికతోని పోస్తున్న. మొదటి మానిక పోసిన, నోరు దానంతటదే "లాభం" అన్నది. రెండోది పోస్త "రెండు" అని, ఆగిపోయిన.

మా దిక్కు గింజలు కొలిస్తే మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటరు. లాభం, రెండు, మూడు. బాపు గింజలనే కాదు, బస్తాలను, బర్రెలను, ఆఖరికి బావులను కూడ అట్లనే లెక్క పెట్టేటోడు. ఆయన చెప్పింది చెప్పినట్టు కొట్టిన నేను ఒకటి అని ఎందుకు రాస్త?

మానిక చేతిల పట్టుకొనే ఉరికొచ్చిన. "బావి కాదు, లాభం అని రాయిన్రి."

రాసిండు. ఒక్కటే వచ్చింది.

"లాభం బావి మనది. హద్దురాయి కాడ నిలవడి పొద్దు మునిగే దిక్కు పద్దెనిమిది గజాలు, ఆడికెళ్లి కుడిచెయ్యి దిక్కు నాలుగు గజాలు. ఇరవై రెండు గజాల లోతు. నీళ్లు తియ్యగుంటయి."

హద్దురాయి ఉన్నది. మా దిక్కు చెట్లు కొడతరు, గోడలు కూలుస్తరు గని హద్దురాయి ముట్టరు, ముడితే తలకాయలు పగులుతయి. తమ్ముడు టేపు పట్టి కొలిచి మళ్ల ఫోన్ చేసిండు.

"అక్కా, సక్కగ వంటిల్లు కింద. జేసీబోడు రెండు బొచ్చెల మట్టి తీసిండు, చుట్టూ అంత ఎర్ర మొరం మట్టి గదా, ఈడ మాత్రం నల్ల బురద వస్తున్నది. వాస్తు ఆయన ఈడనే పొయ్యి పెట్టమన్నడు."

"అయితే ఆయన్నే నిలవడి వండమను. ఇల్లు జరుపు."

"మళ్ల ముగ్గు పొయ్యాలె, మళ్ల ముహూర్తం..." అని గునుసుకుంటనే ఫోన్ పెట్టేసిండు. జరిపిండు.

మూడు రోజులు మా ఆయన్ని తిట్టిన మాట వాస్తవం. మాఫీ అడగలేదు, చాయ్ మాత్రం మంచిగ పెట్టిచ్చిన. ఆయన చాయ్ తాగుకుంట ఏదో హుకుం రాస్తున్నడు. "ఏందది?" అన్న.

"పేరు మారుస్తున్న. బావి1 అని పెడితే వరసల ఉంటది, మళ్ల తిప్పలుండది."

"ముట్టకు" అన్న. ఇన్నేండ్లల్ల ఆయన్ని నువ్వు అన్నది అదే మొదటిసారి. చెయ్యి తీసేసిండు.