రాజీపాటలో ఖాళీ చోటు

2023 డిసెంబరు 17, ఆదివారం, ఉదయం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. ఆకాశం మబ్బు పట్టి, నరసరావుపేట వీధులలో సన్నని తుంపర పడుతున్నది. నదీం మైకుసెట్ దుకాణంలో నేను మొదటిసారి అడుగు పెట్టినది ఆ వేళ. మా ఊరి రెండు వర్గాలలో ఒకదానికి పెద్ద అయిన వెంకట్రామయ్య నన్ను వెంటబెట్టుకొని వెళ్ళాడు. నదీం కట్టిన పాటలో ఏదో మర్మమున్నదనీ, తెలుగు చదువుకున్నవాడను గనుక నేను విని చెప్పాలనీ ఆయన కోరిక.

నదీంకు అప్పటికి నలభై యేళ్ళు ఉండవచ్చు. దుకాణం తండ్రి మౌలాలీ నుంచి వచ్చినది. పెళ్ళిళ్ళకూ సభలకూ మైకులు అద్దెకిస్తాడు, స్పీకర్లు బాగుచేస్తాడు. పెద్ద స్పీకర్ల మంద్రస్వరాన్ని పరీక్షించడానికి అతడు జమైకా ద్వీపపు రెగె పాటలు వేసేవాడు. వినగా వినగా ఆ లయ ఒంటబట్టింది. మా ప్రాంతపు పాత రాజీపాటను ఆ లయలో కట్టి, తానే పాడి, గుంటూరులోని ఒక సంఘం పెట్టిన పోటీకి పంపాడు. చివరికి అతడూ, గుంటూరు బృందమొకటీ మిగిలారు. గెలిచిన పాటను హైదరాబాదులో రికార్డు చేయించి విడుదల చేస్తారు. ఇతరుల గొంతులకు మైకులు అమర్చుతూ సగం జీవితం గడిపినవాడికి తన గొంతు లోకానికి వినిపించే దారి అదొక్కటే.

రాజీపాటకు ఒక ఆచారమున్నది. పగపడిన రెండు ఇళ్ళవారు కలిసినప్పుడు ఎదురెదురుగా కూర్చోబెట్టి దానిని పాడతారు. "పగను గడప దాటనీయకురా తమ్ముడా" అనే పల్లవికి ముందు, తొలి దెబ్బ మీద, ఇంటిపెద్ద పేరు పలకాలి. ముందు పేరు వచ్చినవాడిదే పైచేయి అనుకుంటారు కనుక, పేర్లు తారుమారు చేసి రెండుసార్లు పాడతారు; మౌలాలీ అలాగే పాడేవాడు. నదీం పాటలో ఆ చోట పేరు లేదు, డ్రమ్ము కూడా మోగదు. తొలి దెబ్బను విడిచిపెట్టడమే ఆ లయకు అందమని అతడు చెప్పాడు. ఎన్నికలు దగ్గరపడుతున్న రోజులలో ఖాళీని ఖాళీ అని నమ్మేవారెవరు?

వెంకట్రామయ్య తల వంచుకొని పాటంతా విని, టీ గ్లాసు కింద పెట్టాడు.

"నదీమూ, ఆ సందు ఎవరికోసం ఉంచావయ్యా?"

"ఎవరికోసం లేదు బాబాయ్. ఆ తాళం అంతే."

"కోటేశ్వరరావు మొన్న నీ కొట్లో గంట కూర్చున్నాడంటగా. ఊరికేనా?"

"మైకు బుక్ చేసుకోను వచ్చాడు."

"దానికి ఫోను చేస్తే పోలా?"

నదీం నవ్వి ఖాళీ గ్లాసులు తీసుకుపోయాడు. బయటికి వచ్చిన తరువాత, రెండుసార్లు విన్నాననీ, అక్కడ ఏ మాటా దాగిలేదనీ నేను చెప్పాను. వెంకట్రామయ్య నన్ను ఎగాదిగా చూశాడు.

"మాస్టారూ, మీక్కూడా ముందే చెప్పి పెట్టారా ఏంది?"

అవతలి వర్గానికి పెద్ద అయిన కోటేశ్వరరావు నిజానికి ఆ సందు ఎవరికోసమని అడగడానికే వచ్చాడని తరువాత తెలిసింది. హైదరాబాదులో రికార్డు చేసేటప్పుడు ఆ సందులో వెంకట్రామయ్య పేరు చొప్పిస్తారని ఆయన అనుమానం. ఒట్టు వేయమంటే నదీం వెంటనే వేశాడట. అంత తేలికగా వేశాడంటే ముందే ఒప్పందం జరిగి ఉంటుందని ఆయన తీర్మానించుకున్నాడు.

నదీం భార్య అంజుమ్ ఒక ఉపాయం చెప్పింది. ఆ మాటలు ఆమెయే నాకు తరువాత వినిపించింది.

"రెండు పేర్లూ పెట్టి రెండుసార్లు పాడగూడదా? మామ పాడలా?"

"పెడితే అది మా నాయన పాట అయిద్ది. నాది కాదు."

"అయితే జన్మంతా స్పీకర్లే మొయ్యండి."

తుదిపోటీ ఫిబ్రవరి 11, ఆదివారం సాయంకాలం, నరసరావుపేటలోనే జరిగింది. న్యాయనిర్ణేతల మార్కులలో నదీం, గుంటూరు బృందం సమానంగా నిలిచారు. ఇక పాట ముగిశాక శ్రోతలు వేసే చీటీలే తేల్చాలి. మా ఊరివారు రెండు లారీలలో వచ్చి, నడవకు చెరొక పక్కన కూర్చున్నారు. నదీం కళ్ళు మూసుకొని పాడాడు. ఖాళీ వచ్చినప్పుడల్లా రెండు పక్కలా ఊపిరి బిగబట్టేవారు. చివరి చరణం తరువాత, సరిగ్గా ఆ సందులో, వెంకట్రామయ్య పక్కనున్న వీరాంజనేయులు దగ్గాడు. అతడు ఉబ్బసం మనిషి.

కోటేశ్వరరావు లేచాడు. "సైగ ఇచ్చారురా. లెగండి, పోదాం."

ఆయన మనుషులందరూ చీటీలు వేయకుండానే వెళ్ళిపోయారు. వెంకట్రామయ్య వారు పోయిన తలుపు వైపే చూస్తూ ఉండిపోయాడు. ఇంత పట్టుదల మనుషులు ఓటు వదులుకొని పోయారంటే, నదీంను గెలిపించే ఏర్పాటు మరెక్కడో చేసుకున్నారన్నమాట, అంటే అతడు వారి మనిషే అని ఆయన లెక్క. తనవారి చీటీలను జేబులలోనే ఉంచమన్నాడు. ఊరి తగవు తెలియని పేట జనం మాత్రం నదీంకు వేశారు. అతడు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని ఓట్ల తేడాతో ఓడిపోయాడు. ఆ హాలులో మైకులు అతడివే. గెలిచినవారు మరొకసారి పాడడానికి వేదిక ఎక్కినప్పుడు, వారి ఎత్తుకు తగినట్లు స్టాండును అతడే సరిచేశాడు.

గుంటూరు బృందం పాట ఆ వేసవిలో విడుదలయింది. వెంకట్రామయ్య, కోటేశ్వరరావు ఇప్పటికీ మాట్లాడుకోరు. మా ఊరి సభలకు నదీంను ఏ వర్గమూ పిలవదు. అతడు మరొక పాట కట్టలేదు. దుకాణంలో అంజుమ్ కూర్చుంటున్నది. నదీం సత్తెనపల్లి, రాజుపాలెం వైపు పెళ్ళిళ్ళకు మైకులు తీసుకుపోతున్నాడు.