చెరుకుతోట పక్కన మా బస్సిల్లు

మా ఆయన హైవే పక్కన బస్సులకు బాడీ కట్టే షెడ్డులో వెల్డరు. నేను జాకెట్లు కుడతాను. అనకాపల్లిలో అద్దె ఇళ్లు మారీ మారీ విసుగొచ్చి, కొండకర్ల దగ్గర మా నాన్న నాకిచ్చిన ఎనిమిది సెంట్లలో ఇల్లు కట్టుకుందామనుకున్నాం. తీరా చూస్తే హద్దు తేలలేదు. మా స్థలానికీ పక్కనున్న చెరుకు రైతు భూమికీ మధ్య గట్టు ఎప్పుడో చెదిరిపోయింది. సర్వేయరు కోసం పెట్టిన అర్జీ ఆఫీసు దాటి బయటకు రాలేదు.

"పునాది తవ్వితే తగువు గానీ, బండి పెట్టుకుంటే తగువేటి?" అన్నారు మా ఆయన.

వాళ్ల షెడ్డులో ఒక పాత కాలేజీ బస్సు పడి ఉండేది. రోడ్డెక్కడానికి పనికిరాదని ఇంజను పీకేశారు. ఆ బస్సునే ఇల్లు చేసుకుందామన్నారు. నేను రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు వెళ్లి బస్సెక్కి చూశాను. సీట్లు తీసేస్తే లోపల మా అద్దె గది కంటే ఎక్కువ చోటే ఉంది.

దాన్ని మా స్థలందాకా లాక్కురావడానికి ట్రాక్టరు కావాలి. మా ఆయన అడగడమే ఆలస్యం, ఆ చెరుకు రైతే తన ట్రాక్టరు పట్టుకొచ్చాడు. మా ఆయనకు అతను వరసకు బావ. అడగ్గానే వచ్చినందుకు ఆయన సంబరపడ్డారు. నాకు మాత్రం అప్పుడే మనసులో ముల్లు గుచ్చుకుంది. హద్దు తగువున్న మనిషికి మనమీద ఇంత ప్రేమేమిటి?

బస్సును తెచ్చి, టైర్లు ఊడదీసి, సిమెంటు దిమ్మల మీద నిలబెట్టారు. సీట్ల బోల్టులుండే చిల్లులన్నీ మా ఆయన ఒక్కొక్కటే పూడ్చారు. పైకప్పు కింద థర్మకోలు పరిచి ప్లైవుడ్డు కొట్టారు. వెనకాల అత్యవసర ద్వారం వంటింటి తలుపయింది. డ్రైవరు సీటు దగ్గర వెలుతురు బాగుంటుందని నా మిషను అక్కడ వేయించుకున్నాను. వెనకొచ్చే బండ్లు కనబడే పక్క అద్దం తీయబోతుంటే, ఉండనీ అన్నాను.

ఈలోగా రైతు తన బోరు నుంచి మాకు పైపు వేశాడు. "సెల్లెమ్మా, నీళ్లకి ఇబ్బంది పడకు," అన్నాడు. సరే అన్నయ్యా అన్నాను గానీ, ఆ నీళ్లు వాడుతున్నంతసేపూ అనుమానమే. రేపు సర్వేయరు వస్తే, నా నీళ్లు తాగుతున్నారు, నా చోట్లోనే ఉన్నారు అంటాడేమో!

మేం బస్సులో కాపురం పెట్టిన వారానికి అతను రోజూ పొద్దున్నే రావడం మొదలుపెట్టాడు. బస్సు వెనక నిలబడతాడు. అటు తోట గట్టునుంచి ఇటు మా వంటింటి తలుపుదాకా అడుగులు వేస్తాడు. ఒక్కోసారి కర్రతో నేలమీద గీత గీసి, మళ్లీ కాలితో చెరిపేస్తాడు. ఇదంతా నేను మిషను తొక్కుతూ పక్క అద్దంలో చూసేదాన్ని. నేనటు తిరిగితే నవ్వి వెళ్లిపోయేవాడు.

"మీ బావ మన జాగా కొలుస్తున్నాడు," అన్నాను మా ఆయనతో.

"కొలిస్తే ఏటవుతాది? నీకన్నీ అనుమానాలే," అని ఆయన పళ్లెంలోకి తలవంచుకున్నారు.

నేనూరుకోలేదు. అతను అడుగులేస్తుంటే ఫోనులో వీడియో తీశాను. సబ్బవరంలో మా పిన్ని కొడుకు దస్తావేజులు రాస్తాడు, వెళ్లి చూపించాను. "జాగ్రత్తక్కా, నీదనుకున్నంతమేరా ఏదో ఒక గుర్తు పెట్టుకో," అన్నాడు. ఇంటికొచ్చి, మా నాన్న చూపించిన గుర్తు ప్రకారం నాలుగు సరుగుడు కర్రలు నా చేత్తోనే పాతాను.

తెల్లారి చూస్తే బస్సు వెనకనున్న కర్ర పీకేసి ఉంది. విసిరెయ్యలేదు, తీసి బస్సుకే ఆనించి పెట్టారు. రైతు పక్కనే నిలబడి ఉన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నీళ్లిచ్చింది ఇందుకేనా అన్నయ్యా? ట్రాక్టరు తెచ్చింది ఇందుకేనా? నీ కొలతలన్నీ నా ఫోనులో ఉన్నాయి!"

అతను తలకున్న తువ్వాలు తీసి చేత్తో నలుపుతూ, "జాగా కోసం కాదమ్మా," అన్నాడు. "సెరుకు నరకాల. లోడు ట్రాలీ గానుగకెళ్లాలంటే ఇక్కడే తిరగాల. మీ బస్సు తోక అడ్డమొచ్చింది. కర్ర తీస్తే సరిపోద్దేమోనని సూసేను. సరిపోదు."

"మరి నాతో చెప్పొచ్చు కదా?"

"బస్సు దిమ్మల మీదెక్కించిన రోజే బావకి సెప్పేను. సూద్దాంలే అన్నాడు. ఇల్లు సర్దుకున్న ఆడకూతురితో ఇల్లు జరపమని ఎలా అడగను?"

వెనక్కి తిరిగి చూశాను. మా ఆయన నోట్లో బ్రష్షుతో మెట్టుమీద నిలబడి ఉన్నారు. నా కళ్లలోకి చూడలేదు. పళ్లెంలోకి తలెందుకు వంచుకున్నారో అప్పటికి అర్థమయింది. ఇన్నాళ్లూ నేను ఓ కంట కనిపెట్టాల్సింది బయట మనిషిని కాదన్నమాట.

"మళ్లీ టైర్లెక్కించాల, పైపులు ఊడదియ్యాల. ఏదో మేనేజ్ సేద్దామనుకున్నాను," అని గొణిగారు.

ఆ ఆదివారం జాకీలు తెచ్చి టైర్లెక్కించారు. రైతు ట్రాక్టరే మళ్లీ లాగింది. బస్సు ఏడడుగులు ముందుకు జరిగింది. అరలోంచి గ్లాసులు రెండు పడి పగిలాయి. నేను గడపలో నిలబడి చూశాను గానీ మా ఆయనకు ఒక్క చెయ్యీ వెయ్యలేదు. రైతుకు మాత్రం టీ పెట్టి ఇచ్చాను. క్షమించు అన్నయ్యా అనాలని నోటిదాకా వచ్చింది. పంచదార సరిపోయిందా అని మాత్రం అడిగాను.

"సరిపోయిందమ్మా," అన్నాడు.

చెరుకు లోడ్లు బస్సు తోకకు తగలకుండా వెళ్లిపోయాయి. సర్వేయరు ఇంకా రాలేదు. బస్సు జరిపినంతమాత్రాన ఆ ఏడడుగుల చోటు మీద నా హక్కు పోదని ఒక కాగితం రాయించి, ఇద్దరిచేతా సంతకాలు పెట్టించాను. రైతు చదివించుకుని విని, వెంటనే సంతకం పెట్టాడు. మా ఆయనే, నామీద నమ్మకం లేదా అని చిన్నబుచ్చుకున్నారు.

లేదనే చెప్పాను.