అప్పలకొండమ్మ కిటికీ కింది గడ్డి

హౌరా పక్కనున్న మా లిలువాలో అప్పలకొండమ్మతో మాట్లాడేవాళ్ళకన్నా మాటలు మానేసినవాళ్ళే ఎక్కువ. నేను మానలేదు. మానేస్తే సంగతులు ఎలా తెలుస్తాయి? వాళ్ళది కింది వాటా, మాది సరిగ్గా దానిమీద రెండో అంతస్తు. మా వరండాలో నిలబడి తల వంచితే వాళ్ళ పడగ్గది కిటికీ, కిటికీ ముందు పది మంచాలు పట్టేంత మట్టినేలా కనిపిస్తాయి. ఏడాదిపాటు మా బిల్డింగులో యుద్ధం జరిగింది ఆ మట్టినేల కోసమే.

అప్పలకొండమ్మ పలాస దగ్గరి పల్లె నుంచి కొత్త పెళ్ళికూతురుగా ఇక్కడికి వచ్చింది. మొగుడు నరసింహం రైల్వే వర్క్‌షాపులో ఇనుము కరిగించి పోత పోసే పని చేసేవాడు. క్వార్టర్స్‌లో నీళ్ళ కుళాయి దగ్గర లేచిన ఆమె నోరు ఇప్పటిదాకా కూర్చోలేదు. పాలవాడితో, పురోహితుడితో, ఇద్దరు వియ్యపురాళ్ళతో, అందరితోనూ తగువే. అయినా ఏ తెలుగువాళ్ళింట పెళ్ళి జరిగినా మంగళస్నానాలకు ముందే ఆమెకు కబురు వెళ్ళేది. మట్టిమూకుళ్ళలో నవధాన్యాలు చల్లి పాలికలు పెట్టడానికి ఆమె చెయ్యే కావాలి. ఆమె చల్లిన గింజ మొలవకపోవడం లేదు. మొలక ఎంత తొందరగా, ఎంత ఒత్తుగా లేస్తే ఆ పెళ్ళి అంత పచ్చగా ఉంటుందని మావాళ్ళ నమ్మకం. ఆమెతో మాటల్లేనివాళ్ళు కూడా తాంబూలం పట్టుకుని వచ్చి తలవంచుకుని పిలిచేవారు. ఆ గర్వం ఆమెకు కాస్త ఎక్కువే.

నరసింహానికి పోతపని పొగ, దుమ్ము ఊపిరితిత్తుల్లో మిగిలిపోయాయి. మెట్లెక్కలేడని ఈ బిల్డింగులో కింది వాటా కొనుక్కున్నారు. రోజంతా ఆ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటాడు. కిటికీ మూస్తే అతనికి ఊపిరాడదు.

మా బిల్డింగు సెక్రటరీ రఘురాంగారు. రైల్వే అకౌంట్సులో పనిచేసి రిటైరయ్యారు. నిరుడు కాళీపూజ వెళ్ళాక మీటింగు పెట్టి, కింద ఉన్న మట్టినేలకు సిమెంటు పోయించి బైకులు నిలపడానికి చోటు చేద్దామన్నారు.

"బైకులా? సైలెన్సర్లన్నీ మా కిటికీలోకే కదా పెడతారు? ఆ పొగ పీలిస్తే ఈయన బతుకుతాడేటి?" అని లేచింది అప్పలకొండమ్మ.

"కిటికీ మూసుకోండి," అన్నారు ఆయన.

ఆ ఒక్కమాట ఆయన అనకుండా ఉండాల్సింది.

"నీ ముక్కు మూసుకుని ఒక్క పూట కూకో బాబూ, నేను సూస్తాను! అది ఖాళీ నేల అని నీకెవుడు సెప్పేడు? అది నా తోట."

"తోటా! ఏదీ, ఒక్క ఆకు చూపించండి."

అందరూ నవ్వారు. బెంగాలీలు నవ్వారు, మనవాళ్ళు మరీ నవ్వారు. చివరికి ఒక ముసలాయన మధ్యకు వచ్చి తీర్పు చెప్పాడు. బెంగాలీల కొత్త సంవత్సరం వెళ్ళాక వచ్చే మీటింగు నాటికి అక్కడ పచ్చగా గడ్డి ఉంటే అలాగే వదిలేద్దాం, బోడి నేల ఉంటే సిమెంటు పోద్దాం అన్నాడు. రఘురాంగారు వెంటనే ఒప్పుకున్నారు. ఆ నేలమీద స్కూటర్లు తిరిగి తిరిగి మట్టి పలకలా అయిపోయింది. దానిమీద గడ్డి ఎక్కడ మొలుస్తుందని ఆయన ధీమా.

మర్నాడు విత్తనాల కొట్టుకు వెళ్తూ నన్నూ రమ్మంది అప్పలకొండమ్మ. నా మీద ప్రేమతో కాదు. సంచి మోయడానికి మనిషి కావాలి. ఆ కొట్టు ఎలా ఉంటుందో చూడాలని నేనూ వెళ్ళాను.

కొట్టు యజమాని అభిజిత్. మొహం చిట్లించుకునే పుట్టాడేమో అనిపించింది. గసగసాలంత సన్నటి గింజలున్న గోనెసంచి చూపించి, ఇది దుర్బొ అన్నాడు. అంటే మన గరికే. జీలకర్రలాంటి పొడుగు గింజల పొట్లం చూపించి, ఇది రై గడ్డి అన్నాడు.

అప్పలకొండమ్మ పలాస యాసలో బెంగాలీ మాట్లాడుతూ ఆ కొట్టువాణ్ణి ఏడిపించింది. పళ్ళెం అడిగి, గింజలు పోసి, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు కెలికింది. అరచేతిలో నలిపి ఊదింది. పొట్టు ఎగిరి అతని మొహాన పడింది.

"ఇందులో తుంగ గింజలున్నాయి. ఇది పొట్టు. ఇది పురుగు తిన్నది. ఇది ఏ ఏటి సరుకు?"

"ఈ ఏడాదిదే. సంచిమీద తేదీ ఉంది, చదువుకోండి మాషీమా," అన్నాడు, పిన్నిగారూ అన్నట్టు.

"సంచిమీద తేదీ సంచిది. లోపల గింజది ఎవుడికి తెల్సు?"

"అయితే కొనకండి! పొలానికి వెళ్ళి ఏరుకోండి."

"కొనను అన్నానేటి? కొత్త సంచి విప్పు అన్నాను."

అతను పళ్ళు కొరుకుతూ కొత్త సంచి విప్పాడు. ఆ గింజ ఒకేలా, చెరిగిన రాగుల్లా ఉంది. పొట్టు తక్కువ, పరాయి గింజ కనపడలేదు. అయినా తూకం వేస్తూ అన్నాడు అతను, "దుర్బొ ఇప్పుడు చల్లకండి. ఫాల్గుణంలో రండి, అప్పుడిస్తాను."

"ఇప్పుడు అమ్ముకోడానికి నీకేటి రోగం? నా మీటింగు ఆగుతాదేటి ఫాల్గుణం దాకా? రెండూ కట్టు."

ఇంటికొచ్చి రెండు రకాలనూ వేరువేరు తడిగుడ్డల్లో మూటగట్టింది. పెసలు మొలకలెత్తించినట్టే. మంచి విత్తనమా కాదా తేల్చడానికి అంతకన్నా మంచి పరీక్ష లేదని నేనూ ఒప్పుకుంటాను. నాలుగోరోజుకి రై మూట విప్పితే తెల్లటి ముక్కులు గుడ్డను చీల్చుకుని వచ్చాయి. గరిక మూటలో చలనం లేదు. ఇంకో వారం ఆగింది. అప్పటికీ లేదు.

ఆ గరిక మూట పట్టుకుని కొట్టుకు పోయి బల్లమీద కొట్టింది.

"సచ్చిన ఇత్తనాలు అమ్ముతావా? లిలువాలో ఏ పెళ్ళికైనా పాలికలు పెట్టింది ఈ సెయ్యి. ఇందులో మొలవనిది భూమ్మీద ఇంకెక్కడా మొలవదు!"

"ఫాల్గుణం అని చెప్పాను. చెవుల్లో ఏం పెట్టుకున్నారు?" అని అరిచాడు అతను. సరుకు వెనక్కి తీసుకోలేదు. ఆమె మిగిలిన గరిక విత్తనాన్ని రేకు డబ్బాలో పోసి, మూత గట్టిగా కొట్టి, బీరువా మీద పడేసింది.

నేల తవ్వించి, పెంటపోగు కలిపి, చదును చేసి రై చల్లింది. చల్లిన పొద్దున్నే పావురాలు దిగాయి. ఊరికే దిగలేదు. మూడో అంతస్తు నుంచి రఘురాంగారి భార్య జ్ఞానప్రసూన పిడికిళ్ళతో నూకలు విసురుతోంది, సరిగ్గా ఆ నేలమీదికి. అంతకు ముందు ఆవిడ పావురాలకు గింజ వేయగా నేనైతే చూడలేదు. నేను చూడనిది మా బిల్డింగులో జరగదు.

"ఏటమ్మా జ్ఞానప్రసూనా! ఇన్నేళ్ళు లేని పుణ్యం ఇయ్యాలే కావలిసొచ్చిందేటి?"

"మూగజీవాలు అప్పలకొండమ్మగారూ. వాటి నోటి దగ్గర కూడు లాక్కోకూడదు," అంది పైనుంచి, ఎంతో శాంతంగా.

"నీ మొగుడు నా మొగుడి నోటికాడ గాలి లాక్కోవచ్చేటి?"

బడ్జ్ బడ్జ్ జనపనార మిల్లులో పనిచేసే అల్లుడికి ఫోన్ కొట్టి, పాత గోనెలు తెప్పించి, తడిపి నేలంతా కప్పింది. పావురాలు గోనెలమీద నడుచుకుంటూ నూకలు తిని పోయాయి. తర్వాత సెక్రటరీగారు మధ్యాహ్నం పూట కింది కుళాయి కట్టేయించడం మొదలుపెట్టారు. నీళ్ళు వృథా అట. ఆమె బియ్యం కడిగిన నీళ్ళు, బట్టలు జాడించిన నీళ్ళు మోసింది. పైనుంచి చూస్తే ఆమె నడుము పట్టుకుని నిలబడటం కనిపించేది. చూస్తున్నానని తెలిస్తే వెంటనే నడుము మీంచి చెయ్యి తీసేసేది.

రై లేచింది. పుష్యమాసం వచ్చేసరికి ఆ నేల చిలకపచ్చ చీర పరిచినట్టయింది. నరసింహం కిటికీ రెక్కలు రెండూ తీసుకుని కూర్చునేవాడు. ఆ కొన్నాళ్ళూ అప్పలకొండమ్మను భరించడం మరీ కష్టమైపోయింది. రఘురాంగారు మెట్లు దిగినప్పుడల్లా, "ఆకు సూపించమన్నారు కదా బాబూ, లెక్కెట్టుకోండి. అకౌంట్స్‌లో సేసేరు కదా!" అనేది. ఆయన మొహం తిప్పుకుని వెళ్ళిపోయేవారు.

శివరాత్రి దాటింది. రై చలికాలపు గడ్డి కదా, ఎండ ముదరడంతోనే కొనలు పసుపెక్కాయి. నీళ్ళు ఎన్ని పోసినా ఆగలేదు. రోజూ ఇంకొంచెం, ఇంకొంచెం. జ్ఞానప్రసూన నూకలు విసరడం మానేసింది. ఇక అవసరం లేదు కదా. రఘురాంగారు గేటు పక్కన ఇసుక దింపించారు. పొద్దున ఆ ఇసుక చూసి నరసింహం తనంతట తానే కిటికీ రెక్క ఒకటి దగ్గరకు వేశాడు. అలవాటు చేసుకోవాలి కదా అన్నాడట. ఆమె గొంతు ఆ రోజంతా వినిపించలేదు. నాకే భయం వేసి కిందకు దిగాను.

ఆమె బీరువా మీంచి రేకు డబ్బా దింపుతోంది.

"ఏం చేస్తున్నావే?"

"ఫాల్గుణం వొచ్చింది కదా. ఆ కొట్టోడు ఫాల్గుణం అన్నాడు కదా. ఇప్పుడూ మొలవదు. మొలవని మూట అట్టుకెల్లి బజారు నడిమధ్యన ఆడి నెత్తిన కొడతాను. నువ్వు సాచ్చికం. రోజూ వొచ్చి సూడు. రేపు నానే ఏదో సేసేనని అంటాడు."

సాక్ష్యానికి నన్ను మించినవాళ్ళు లేరు. రోజూ వెళ్ళి చూశాను. వారం తిరక్కుండానే విప్పేసరికి గుడ్డనిండా సన్నటి పచ్చటి దారాలు. చెయ్యి పెడితే మెత్తగా తగిలాయి.

ఆమె వాటిని చూసి సంతోషించలేదు. మండిపడింది. "సచ్చినోడు, నిజమే సెప్పేడు!" అని మూటని విసిరికొట్టబోయి ఆగిపోయింది. "నా సేత ఇన్నాళ్ళు తిట్టించుకోడం ఎందుకు? సలికి మొలవదు అని ఒక్క ముక్క సెప్పొచ్చు కదా?" అంది. చెప్పనిస్తే కదా అని నేను పైకి అనలేదు.

ఆ సాయంత్రమే ఎండిపోతున్న రైని కొడవలితో పొట్టిగా కోసి, మొదళ్ళ మధ్య మట్టిని గీరి, గరిక గింజలో సన్న ఇసుక కలిపి చల్లింది. ఆ ఇసుక రఘురాంగారు గేటు దగ్గర దింపించిందే. ఆయన చూస్తుండగానే బొచ్చెతో ఎత్తుకొచ్చింది. "తోటకే కదా బాబూ, ఉమ్మడిదే కదా!" అంది. చల్లాక లోతుగా కప్పలేదు. అరచేత్తో అద్దింది, అంతే. మళ్ళీ గోనెలు, మళ్ళీ బియ్యం నీళ్ళు. రోజుకి రెండుసార్లు, చిల్లుల డబ్బాతో, గింజ కదలకుండా. మొలకలు కనపడగానే గోనెలు తీసేసి, కోసి పెట్టిన ఎండు రై పరకలను మాత్రం పైన పలచగా పరిచింది. పైనుంచి చూసేవాళ్ళకు నేలంతా ఎండుగడ్డే. జ్ఞానప్రసూన రోజూ చూసి తృప్తిగా లోపలికి వెళ్ళేది. కిందకు దిగి చూసింది నేనొక్కదాన్నే. ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. ఎలా చెప్పకుండా ఉన్నానో ఇప్పటికీ నాకే ఆశ్చర్యం.

బెంగాలీల కొత్త సంవత్సరం వెళ్ళాక ఆదివారం మీటింగు. రఘురాంగారు కుర్చీలు ఆ నేలమీదే వేయించారు. తాపీమేస్త్రీ కూడా టేపు పట్టుకుని నిలబడ్డాడు.

"చూశారుగా. పచ్చగా ఉంటే వదిలేద్దామన్నాం. ఇది పచ్చదనమా?" అని ఆయన కుర్చీలోంచే వంగి పిడికెడు పీకి అందరికీ చూపించారు. ఎండు రై పరకలు చేతిలోకి ఊడి వచ్చాయి.

"పైన కాదు బాబూ," అంది అప్పలకొండమ్మ. "అడుక్కి సెయ్యెట్టి పీకండి."

"ఎక్కడ పీకినా అదే."

"పీకండి మరి!"

ఆయన వేళ్ళు లోపలికి పెట్టి లాగారు. రాలేదు. ఇంకొంచెం లాగారు. కుర్చీ ముందరి కాళ్ళు మట్టిలో దిగాయి గానీ గరిక రాలేదు. కణుపు కణుపుకీ వేరు దింపుకుని ఆ కొస నుంచి ఈ కొసకి అల్లుకుని ఉంది. రెండో చెయ్యి కూడా వేశారు. ఆమె వచ్చి పైనున్న ఎండుగడ్డిని చీపురుతో ఒక పక్కకు ఊడ్చింది. సన్నగా, పొట్టిగా, నేలంతా పచ్చదనం.

"అయ్యో, దుర్బొ!" అంది పక్క వాటా బెంగాలీ ముసలమ్మ. కుర్చీలోంచి లేచిపోయి కాలి చెప్పులు విడిచేసింది. "మా మనవరాలి పెళ్ళిలో దీవెనకు ధాన్యమూ దుర్బొ కోసం హౌరా పూలబజారు దాకా వెళ్ళొచ్చాం. దీనిమీద సిమెంటు ఎవరు పోస్తారు? పాపం తగులుతుంది."

బెంగాలీ ఆడవాళ్ళంతా ఆమె వెనక చేరారు. వాళ్ళెవరికీ అప్పలకొండమ్మ అంటే ఇష్టం లేదు. గరిక అంటే ఇష్టం. అది చాలింది. మేస్త్రీ టేపు చుట్టుకుని వెళ్ళిపోయాడు. రఘురాంగారు పచ్చగా అయిన చేతుల్ని జేబురుమాలుతో తుడుచుకుంటూ, బైకులు గేటు బయట పెట్టుకోవాలని తీర్మానం చెప్పి లేచారు. కిటికీలోంచి నరసింహం చూస్తున్నాడు. మూసిన రెక్కను మెల్లగా మళ్ళీ తోశాడు.

అంతటితో సద్దుమణిగిందనుకుంటే అప్పలకొండమ్మ తెలియనట్టే. ఆ వారమే నేల చుట్టూ ముళ్ళ కాగితంపూల కొమ్మలు పాతింది. మనిషి కాదు, పిల్లి కూడా దూరదు.

వినాయకచవితి పొద్దున జ్ఞానప్రసూన పళ్ళెం పట్టుకుని ఆ ముళ్ళ అవతల నిలబడింది. పట్టుచీర, తడి జుట్టు. పైనుంచి నాకంతా కనిపిస్తోంది.

"అప్పలకొండమ్మగారూ, పూజకు కాస్త గరిక..."

"నన్నెందుకు అడుగుతావు? నీ పావురాల్నడుగు. సగం ఇత్తనం ఆటి కడుపులోనే ఉంది."

"పండగ పూట ఇలాగేనా మాట్లాడేది?"

"పండగ పూట అడుక్కోడానికి వొచ్చింది నేనేటి?"

లోపల్నుంచి నరసింహం గొంతు వచ్చింది, తెరపిగా, దగ్గు లేకుండా. "ఇచ్చీవే. దేవుడి కోసం అడిగింది."

ఆమె కత్తెర తెచ్చి, వంగి, గుప్పెడు కోసి, ముళ్ళమీంచి పళ్ళెంలోకి విసిరింది. "కాలు మాత్రం లోపలెట్టకు. పూజయ్యేక ఆ వినాయకుడికి సెప్పు, ఇది ఎవరి కిటికీ కింద మొలిసిందో." జ్ఞానప్రసూన మూతి బిగించుకుని మెట్లెక్కింది.

నేనూ పళ్ళెం తీసుకుని గబగబా దిగాను. ముళ్ళ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. సాక్షిని కదా, సంచి మోసినదాన్ని కదా.

ఆమె కత్తెర కొంగులో దోపుకుంది. "నీకెందుకే? ఏడాదంతా మీ వరండాలోంచి వొంగి వొంగి సూసేవు కదా. అది సాలదేటి?"

అని లోపలికెళ్ళి తలుపేసుకుంది. కిటికీ మాత్రం తెరిచే ఉంది.